హెన్రీగారి ఇంటిపేరు

ఆ రోజుల్లో నాకు భయపడడానికి ప్రత్యేకంగా కారణమంటూ అక్కర్లేదు. ట్రైన్ తలుపులు మూసుకునే ముందు వచ్చే కీచుకీచు శబ్దం వింటే భయం. ఎస్కలేటర్ మీద ఏ పక్కన నిలబడాలో మరిచిపోయి వెనకాల వాళ్ళు విసుక్కుంటారేమోనని భయం. తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే, అది ఎవరో సీటు చోప్ చేసుకుని (అంటే ముందే పట్టిపెట్టుకుని) పెట్టిన గుర్తో, పాపం ఎవరో మరిచిపోయిన ప్యాకెట్టో తేల్చుకోలేక, ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడే తినేసిన రోజులున్నాయి. "మా పిల్లకి నీడని చూసినా దడే" అని మా అమ్మ పెళ్ళిచూపుల్లోనే చెప్పేసింది (అదేదో సుగుణమన్నట్టు). పెళ్ళయి సింగపూర్ వచ్చి ఏడాది కాలేదు. మా ఆయన బ్యాంకులో కంప్యూటర్ల పని. నేనేమో తెనాలి పిల్లని, చరిత్రలో ఎం.ఏ. చదివినదాన్ని. "చరిత్ర చదివి ఇక్కడేం చేస్తుందిలే" అని బెడోక్‌లో మా బ్లాకులోని తెలుగువాళ్ళంతా జాలిపడుతుండగా, పాయా లేబర్‌లో ఒక పాత కాంప్లెక్సు మూడో అంతస్తులో, పాత నాణేలూ పతకాలూ అమ్మే చిన్న దుకాణంలో నాకు ఉద్యోగం దొరికింది. మూడు నెలలు ప్రొబేషన్. ఆ మూడు నెలలు పూర్తికాకుండానే నేను ఒక పెద్దాయన తాతగారిని దొంగని చేసి పారేశాను.

ఎలాగో చెబుతాను. దుకాణం యజమాని అరవై దాటిన చైనీస్ పెద్దాయన. ఎప్పుడు చూసినా కుడికంట్లో చిన్న భూతద్దం ఇరికించుకునే ఉండేవాడు కనక మా ఇంట్లో ఆయన పేరు 'కంటద్దం' అయిపోయింది. చేరిన రోజే నాకు మూడు సూత్రాలు చెప్పాడు. ఒకటి, వట్టి చేత్తో ముట్టుకోకూడదు. రెండు, తోమకూడదు. వెండి నల్లబడితే నల్లబడనీ, ఆ నలుపే దాని వయసు, తోమిన రోజున నువ్వు ఇంటికే అన్నాడు. మూడు, చూడాల్సింది పతకం మొహం కాదు, అంచు. యుద్ధానికి వెళ్ళొచ్చిన సిపాయికి బ్రిటిష్ వాళ్ళు ఇచ్చిన పతకం అంచు మీద వాడి నంబరు, హోదా, పేరు, రెజిమెంటు వేయించి ఇచ్చేవాళ్ళట. ఆ నాలుగు ముక్కలూ దొరికితే, ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించిన పాత సైన్యం కాగితాల్లోంచి మనిషిని బయటికి లాగొచ్చు: ఎక్కడ పుట్టాడు, ఏ గుర్రమెక్కాడు, ఎన్నిసార్లు తాగి శిక్షలు పడ్డాడు, ఎలా పోయాడు. అలా వెతికిపెట్టడం కూడా మా దుకాణం పనుల్లో ఒకటి. నాకు మూడో సూత్రం తెగ నచ్చింది. రెండోది మాత్రం భయంగా గుర్తుండిపోయింది. (ఇంట్లో కుంకుమ భరిణె తోమడానికి కూడా నెల రోజులు చెయ్యి రాలేదు.)

నేను చేరిన ఆరో వారంలో వచ్చారు యూ టీ అంకుల్. తెల్లచొక్కా, పొట్ట మీదికి లాక్కున్న ప్యాంటు, నుదుట విభూతి, చేతిలో పాత బిస్కట్ల డబ్బా. నా నల్లపూసలు చూసి, "తెలుగా అమ్మా?" అన్నారు. అవునండీ అన్నాను. "మకాన్ అయ్యిందా?" అన్నారు. తిన్నానండీ అని చెప్పేదాకా అసలు విషయం ఎత్తలేదు. మూడు తరాల నుంచి ఈ వైపు ఉన్న కుటుంబం. తాతగారు సికిందరాబాదు నుంచి మలయా వచ్చారు. అంకుల్ అక్కడి ఈపో అనే ఊళ్ళో పుట్టి, ఉద్యోగం కోసం సింగపూర్ దిగి, యూ టీ అనే పేటలో ఫ్లాట్ కొనుక్కున్నారు (అందుకే మా ఇంట్లో ఆయన యూ టీ అంకుల్). డబ్బా మూత తియ్యగానే దుకాణమంతా కర్పూరం వాసన. లోపల పసుపు బట్టలో రెండు వెండి పతకాలు. ఒకదాని మీద ఇంగ్లండు రాణి, రెండోదాని మీద గడ్డం రాజు. ఇద్దరికీ నుదుట కుంకుమ బొట్లు. నూరేళ్ళనాటి వెండి, నిన్న కొన్న స్టీలు గ్లాసులా తళతళలాడుతోంది. కంటద్దం కంట్లోని అద్దం ఊడి బల్ల మీద పడింది.

"హూ పాలిష్ దిస్?" అన్నాడు, ఎవరో పోయారన్న కబురు విన్నవాడిలా.

"మై వైఫ్! ఎవ్రీ ఫ్రైడే! సిక్స్టీ ఇయర్స్!" అన్నారు అంకుల్ ఛాతీ విరుచుకుని.

కంటద్దం కుర్చీలో కూలబడి మంచినీళ్ళు తాగాడు.

అంకుల్ నా వైపు తిరిగి తెలుగులో అసలు సంగతి చెప్పారు. "మా తాత నర్సయ్య. నర్సు నర్సు అనేవాళ్ళు అందరూ. సికిందరాబాదు కంటోన్మెంట్లో దొరల గుర్రాలు చూసుకునే సైసు. ఈ మెడల్స్ ఒక దొరవి. తాత ఓడెక్కినప్పుడు తెచ్చుకున్నాడు. దొరే ఇచ్చాడని మా నాన్న చెప్పేవాడు. మా ఈపో బావ ఒప్పుకోడు. ఇస్తే కాగితమేదీ అంటాడు. దొర నిద్రపోతుంటే కోటు మీంచి పీక్కొచ్చాడు మీ తాత అంటాడు. ప్రతి పెళ్ళిలో అదే మాట, ప్రతి చావులో అదే మాట."

ఈపో బావ అంటే అంకుల్ చెల్లెలి భర్త. ఆయనకి ఆ పతకాల మీద ఎందుకంత కక్షో తరవాత తెలిసింది. పెళ్ళినాడు కోటుకి పెట్టుకుంటానంటే మామగారు ఇవ్వలేదట. అంతే!

"ఇంకో నాలుగు వారాల్లో నాకు సహస్ర చంద్ర దర్శనం అమ్మా" అన్నారు అంకుల్. వెయ్యి పున్నములు చూసిన మనిషికి చేసే పండగది. "ఈపో నుంచి, పెనాంగ్ నుంచి అందరూ వస్తారు. ఆలోగా నాకు నిజం కావాలి. దొరే ఇచ్చాడంటే ఆ రోజు పీట మీద పెట్టి పూజ చేస్తా. తాత కొట్టేశాడంటే దేవుడి అరలోంచి తీసేస్తా. దొంగ సొత్తుకి దీపం పెట్టి పోలేను నేను. తియ్యగా చెప్పొద్దు. ఉన్నదున్నట్టు చెప్పు."

కంటద్దం నావైపు వేలు చూపించి, "యువర్ పీపుల్. యు డూ" అన్నాడు.

అంకుల్ వెళ్ళాక చేతులకి తొడుగులు వేసుకుని అంచులు చూశాను. అరవై ఏళ్ళ శుక్రవారాలు ఆ అంచుల మీద కనబడుతున్నాయి. నంబరు నాలుగంకెల్లో చివరి ఏడు తప్ప మిగతావన్నీ చింతపండులో కరిగిపోయాయి. మామూలు సిపాయి అని తెలిపే మూడక్షరాలు బతికాయి. ఆ తరవాత జి. హెన్రీ. ఆ తరవాత ఒక హుస్సార్ల రెజిమెంటు పేరు (హుస్సార్లంటే గుర్రాల మీద పోయి పోరాడేవాళ్ళు). దక్షిణాఫ్రికా యుద్ధం పతకాలివి. ఆ రెజిమెంటు యుద్ధమయ్యాక సికిందరాబాదు వచ్చింది. అంతా సరిపోయింది. జి. హెన్రీ! ఇంతకంటే తేటగా ఇంకేం కావాలి? అబ్బాయి పేరు హెన్రీ, ఇంటిపేరు జి తో మొదలవుతుంది. మా బడి హాజరుపట్టీలో జి. రాధ, కె. పద్మ ఉన్నట్టే. రాధ వాళ్ళది గోరంట్ల, ఈయనది మరేదో. జి తో మొదలయ్యే ఇంటిపేర్లు వరసగా చూసుకుంటూ పోయాను. నాలుగో రోజున దొరికాడు. హెన్రీ గ్రీన్. అదే రెజిమెంటు, అదే యుద్ధం, అదే సికిందరాబాదు, నంబరు చివర ఏడు! దుకాణంలో ఎవరూ లేరు కదాని చిన్న గంతు కూడా వేశాను.

గ్రీన్‌గారి కాగితాలు తెరిచాక గంతు ఆగిపోయింది. మహానుభావుడు! కాపలా డ్యూటీలో నిద్రపోయాడని శిక్ష, తాగి గుర్రం మీంచి పడ్డాడని శిక్ష, పక్కవాడి బూట్లు వేసుకుపోయాడని శిక్ష. అన్నిటికీ కింద, సికిందరాబాదులో ఉండగా ఎవరో గుమాస్తా గుండ్రటి దస్తూరీతో రాసిన ఒకే ఒక్క వాక్యం: పతకాలను సైసు దొంగిలించినందున కొత్తవి ఇవ్వడమైనది.

ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో. ఎక్కడో ఒక 'కాదు' దాక్కుని ఉంటుందేమోనని వెతికాను. కంటద్దానికి చెబితే, నాణేల ప్రదర్శన హడావుడిలో ఉండి తలెత్తకుండానే, "నంబర్ ట్యాలీ?" అన్నాడు. చివరి ఏడు సరిపోయింది సర్ అన్నాను. "పేపర్ సే వాట్, యు రైట్ వాట్" అన్నాడు. రాశాను. రెండు పేజీలు. 'దొంగ' అనే మాట బదులు ఇంకేదైనా మర్యాదైన మాట దొరుకుతుందేమోనని ఒక పూటంతా ఆలోచించాను. దొరకలేదు.

కాగితాలు, డబ్బా పట్టుకుని యూ టీ వెళ్ళాను. దారిపొడుగునా ట్రైన్ ఎక్కడైనా చెడిపోతే బాగుండునని దణ్ణాలు పెట్టుకున్నాను. (ఆ రోజు అది ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు.) తలుపు తియ్యగానే యూ టీ ఆంటీ నన్ను కూర్చోబెట్టి, పులిహోరలో సంబల్ పచ్చడి నంజుకోమని పెట్టి, నా చేతిలోంచి డబ్బా తీసుకుని పతకాలని దేవుడి అరలో వాటి చోట వాటిని పెట్టేసింది. "ఇవి లేక అర బోసిపోయిందమ్మా. కాపురానికొచ్చిన రోజే మా అత్త చెప్పింది, అన్నం మానినా సరే, శుక్రవారం ఇవి తోమడం మానొద్దని. వాళ్ళ మామగారి ఆజ్ఞంట. ఎందుకో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు. అవునూ, రాణీగారి పక్కన ఈ గడ్డం ఆయన ఆవిడ మొగుడే కదూ?"

"కాదాంటీ. కొడుకు."

"అలామక్!" ఆంటీ రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. "అరవై ఏళ్ళూ ఆదిదంపతులనుకుని ఇద్దరికీ కలిపి ఒకటే దండ వేశాను కదమ్మా! ప్రతి పెళ్ళిరోజుకీ తమలపాకులు పెట్టాను! అయ్యో, ఎంత పాపం!" అంటూ గబగబా లేచి రాజుగారిని జరిపి వినాయకుడికి అవతల పెట్టింది. అంకుల్ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఈ నవ్వు నేను ఇంకో రెండు నిమిషాల్లో ఆపెయ్యబోతున్నాను కదా అని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంబల్ కారం అనుకుని ఆంటీ మంచినీళ్ళు ఇచ్చింది.

చదివాను. గ్రీన్‌గారి తాగుడు, బూట్లు వగైరా కొంచెం పొడిగించి చదివాను, చివరి వాక్యం ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదని. వచ్చింది. అంకుల్ లేచి దేవుడి అర దగ్గరికెళ్ళి, రాణీగారిని, రాజుగారిని తీసి, బొట్లు తుడిచి, డబ్బాలో పెట్టి, మూత నొక్కి నా ఒళ్ళో పెట్టారు. "తీస్కెళ్ళమ్మా. ఆ దొర వంశంలో ఎవరైనా ఉంటే ఇచ్చెయ్యండి. మా నాన్న అబద్ధం చెప్పేవాడు కాదనుకున్నా" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. అదే నన్ను భయపెట్టింది. ఆంటీ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, "మరి శుక్రవారం నేనేం తోమను?" అంది, ఎవరినీ అడగనట్టుగా.

మర్నాడు డబ్బా కంటద్దం ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆయన ఏదో గొణిగి, భద్రపరచడానికి చిన్న అట్టముక్క తీసి దాని మీద పేరు రాశాడు. ముందు హెన్రీ, తరవాత కామా, తరవాత జి. రాసి, హెచ్ అక్షరం ఉన్న సొరుగు తెరిచాడు.

"సర్, జి సొరుగు కదా" అన్నాను.

"వై జి?"

"జి కదా సర్ ఇంటిపేరు. హెన్రీ ఆయన పేరు."

కంటద్దం అద్దం తీసేసి వట్టి కళ్ళతో నన్ను చూశాడు. అంతకు ముందెప్పుడూ అలా చూడలేదు. నేను రాసిన రెండు పేజీలు తెప్పించుకుని మొదటిసారిగా చదివాడు. చదివి, మెల్లగా అడిగాడు. "గర్ల్, హూ ఇస్ గ్రీన్?"

పైప్రాణాలు పైనే పోయాయి. నేను చరిత్రలో ఎం.ఏ.ని. దొరలు పేరు ముందూ ఇంటిపేరు వెనకా రాస్తారని నాకు తెలియక కాదు. పూర్తి పేరు కనబడితే చక్కగా గుర్తుపడతాను. కానీ పేరు ముందు ఒంటరిగా ఒక పొడి అక్షరం, పక్కన చుక్క కనబడితే, అది ఇంటిపేరు కాక ఇంకేమవుతుంది? పుట్టినప్పటి నుంచి నా లోకంలో ఉన్న సుబ్బారావులందరికీ అంతే. జి అంటే జార్జి కావచ్చని, హెన్రీ అనేది ఒక ఇంటిపేరు కావచ్చని నా బుర్రకి తట్టనే లేదు. కంటద్దం అరవలేదు. "మై సర్‌నేమ్ ఆల్సో ఇన్ ఫ్రంట్. ఐ నెవర్ చెక్. మై మిస్టేక్ ఆల్సో" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. అప్పుడు నేను ఏడవడానికి ఒక మర్యాదైన కారణం దొరికేది. (కారణం లేకుండానే ఏడ్చాను.)

వెంటనే అంకుల్‌కి ఫోన్ చేశాను. తప్పు మనిషిని పట్టుకున్నానండీ, ఇంటిపేరు తిరగేశానండీ అని ఏదేదో వాగాను. అంకుల్ అంతా విని, "నిన్న దొంగన్నావు. ఇవాళ కాదేమో అంటున్నావు. ఈసారి నాకు మాట వద్దమ్మా, కాగితం చూపించు" అన్నారు. పండగ ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ రోజే కొత్తగా వెతకడం మొదలెట్టాను, ఈసారి హెచ్ కింద. అదే రెజిమెంటులో ఒక జార్జి హెన్రీ ఉన్నాడు. నంబరు చివర ఏడు ఈయనకీ ఉంది! ఏడుని నమ్మి ఒకసారి మునిగాను కనక, కంటద్దం దీపాన్ని ఏటవాలుగా పెట్టి, అంచుని అంగుళం అంగుళం చూసి, మొదటి చోట నాలుగు తాలూకు కాలు ఒకటి మిగిలిందని తేల్చాడు. జార్జి నంబరు నాలుగుతోనే మొదలవుతుంది. గ్రీన్‌ది మూడుతో. ఆ కాలుకి నేను మనసులో సాష్టాంగపడ్డాను. ఈయన కాగితాల్లో శిక్షల్లేవు. తల్లీ తండ్రీ ఎవరో తెలియదని రాసి ఉంది. సికిందరాబాదులో జ్వరంతో పోయాడు. పోయేముందు జీతపు పుస్తకం చివరి పేజీలో వీలునామా రాసుకున్నాడని మాత్రం ఉంది, అందులో ఏముందో లేదు. ఆ పేజీ నకలు కావాలంటే ఇంగ్లండులోని ఆఫీసుకి అర్జీ పెట్టాలి, పది పనిరోజులు పడుతుంది. పన్నెండు రోజుల్లో పనిరోజులు ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టి, చాలక మా ఆయన వేళ్ళ మీద కూడా లెక్కపెట్టాను. ఎలా లెక్కపెట్టినా పండగ దాటిపోతోంది. దయచేసి తొందరగా పంపమని, ఒక పెద్దాయన పరువు దీని మీద ఉందని అర్జీ అడుగున నాలుగు వాక్యాలు రాశాను. అవి ఎవరైనా చదువుతారని నమ్మకం లేదు.

ఆ పది రోజులూ నేనెలా బతికానో మా ఆయన్ని అడగాలి. ఉప్పు రెండుసార్లు వేసిన కూరలు, పంచదార లేని కాఫీలు నోరు మూసుకుని లోపలికి పంపాడు. కాగితం రాదేమోనని ఒక భయం. వచ్చి, అందులో కూడా సైసు దొంగ అని ఉంటుందేమోనని రెండో భయం. మొదటి భయం కంటే రెండోదే పెద్దది. రాకపోతేనే నయమేమో అనుకునేదాన్ని. అంతలోనే అంకుల్ ఖాళీ దేవుడి అర గుర్తొచ్చి లెంపలు వేసుకునేదాన్ని.

పండగ శనివారం. పొద్దున్నే లేచి, అలవాటుగా, ఆశ లేకుండా మెయిల్ తెరిచాను. ఉంది! అక్కడి శుక్రవారం మధ్యాహ్నం ఎవరో పుణ్యాత్మురాలు పంపింది. తెరిచి చదివాను. మళ్ళీ చదివాను. మా ఆయన్ని లేపి, "నువ్వు చదువు, నేను సరిగ్గా చదవడంలేదేమో" అన్నాను. అతనూ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంట్లో ప్రింటర్ లేదు. కంటద్దానికి ఫోన్ చేస్తే శనివారం దుకాణం తీసి, కాగితం అచ్చు తీసి, డబ్బా తీసుకుని, "ఐ కమ్ ఆల్సో" అన్నాడు. ఇద్దరం పాయా లేబర్ నుంచి యూ టీలో పండగ జరిగే హాలుకి చేరేసరికి అది నిండిపోయింది, మా ఆయన అప్పటికే అక్కడున్నాడు.

పీట మీద అంకుల్, ఆంటీ కొత్తబట్టల్లో కూర్చుని ఉన్నారు. హోమం పొగ. ముందు వరసలో సిల్కు జుబ్బాతో ఒకాయన గట్టిగా అంటున్నారు: "ఏం బావా, నీ మెడల్స్ ఏవీ? ఇవాళైనా పీట మీద కూర్చోబెట్టలేదే!" పరిచయం చెయ్యకుండానే ఈపో బావని గుర్తుపట్టాను. అంకుల్ తల వంచుకున్నారు. నోరు తెరిచి ఏదో ఒప్పుకోబోతున్నారు. ఆ ఒక్క క్షణం చూసి, జన్మలో ఎప్పుడూ మైకు ముట్టుకోని నేను, పురోహితుడి చేతిలోంచి మైకు లాక్కున్నాను. (లాక్కోలేదని, అడిగి తీసుకున్నానని మా ఆయన ఇప్పటికీ సర్దిచెబుతాడు.)

ముందు నా తప్పు చెప్పాను. జి. హెన్రీ అని ఉంటే జి ని ఇంటిపేరనుకున్నానని, అందువల్ల వేరే ఎవడో తాగుబోతుని పట్టుకుని అంకుల్ వాళ్ళ తాతగారి మీద దొంగతనం మోపానని, క్షమించమని. నవ్వుతారని, తిడతారని ఎదురుచూశాను. రెండో వరసలో ఒక ముసలావిడ లేచి, "అందులో నీ తప్పేముందమ్మా? పొడి అక్షరం ఇంటిపేరు కాకపోతే మరింకేంటి?" అంది. అవునవునని హాలంతా తలలూపింది. ఈపో బావ కూడా, "ముందు ఇంటిపేరు, తరవాత పేరు. దొరలకి ఆ మాత్రం పద్ధతి తెలీదా?" అని కోప్పడ్డారు. అంకుల్ మనవరాలొకతే, "అయ్యో తాతా, హెన్రీ ఈస్ ద సర్‌నేమ్ లా!" అని మొత్తుకుంది. ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు కాగితం చదివాను. రెండే వాక్యాలు. "నేను పోతే నా పతకాలు రెండూ నా సైసు నర్సుకి ఇవ్వాలి. పెరేడ్ ముందు వాటిని తోమింది ఎప్పుడూ అతనే, నా దగ్గర కంటే అతని దగ్గరే అవి బాగా మెరుస్తాయి." కింద జార్జి హెన్రీ సంతకం. ఆ పక్కనే సాక్షి సంతకం.

అంకుల్ కాగితం తీసుకుని, 'నర్సు' అన్న మాట మీద వేలు పెట్టి అలా ఉండిపోయారు. తరవాత చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "మా నాన్న అబద్ధం చెప్పలేదు" అన్నారు. ఈపో బావ జుబ్బా సర్దుకుని, "నేనెప్పుడన్నాను దొంగని? కాగితం చూపించమన్నాను, అంతే కదా!" అని చుట్టూ చూశారు. ఆయన భార్య ఆయన్ని మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

ఆంటీ మాత్రం ఏడవలేదు. పీట మీంచి లేచి, నా దగ్గరికొచ్చి డబ్బా తీసుకుని మూత తెరిచి చూసి, "నాలుగు శుక్రవారాలు మానేశాను" అంది. నేరుగా వంటవాళ్ళ దగ్గరికెళ్ళి, రసానికి నానబెట్టిన చింతపండు ఇంత తీసుకుని, హోమం పక్కన విభూతి పళ్ళెం లాక్కుని, పట్టుచీరతోనే నేల మీద చతికిలబడి తోమడం మొదలుపెట్టింది. పక్కన కంటద్దం, "నో... నో పాలిష్..." అంటూ చెయ్యి చాచి, మధ్యలోనే ఆగిపోయాడు. కాగితంలో ఏముందో దారిలోనే నేను చెప్పాను కదా. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, అద్దం జేబులో వేసుకుని, "ఓకే. దిస్ వన్ కెన్" అన్నాడు. నా ప్రొబేషన్ సంగతి ఆ రోజు నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. సోమవారం యథాప్రకారం వెళ్ళి కూర్చున్నాను.

గ్రీన్‌గారి పతకాలు ఏ సైసు కొట్టేశాడో నాకు నేటికీ తెలియదు. తాగి ఎక్కడో పారేసుకుని సైసు మీద తోసేశాడని నా గట్టి అనుమానం. కంటద్దం ఇప్పుడు దుకాణం నాకప్పజెప్పి ఇంట్లో పిట్టలు పెంచుకుంటున్నాడు. కొత్తగా చేరే పిల్లలకి మూడు సూత్రాలూ నేనే చెబుతున్నాను. రెండోది చెప్పేటప్పుడు నా గొంతు కాస్త తగ్గుతుంది, ఎందుకో వాళ్ళకి తెలియదు. యూ టీ అంకుల్ లేరు. ఆంటీకి చేతులు వణుకుతాయి కనక తోమే పని మనవరాలికి వచ్చింది. ఆ అమ్మాయికి పరీక్షలున్న శుక్రవారాలు నేను వెళ్తాను. రాజూ రాణీ ఇప్పుడు తల్లీకొడుకుల్లాగే ఉంటున్నారు, చెరో దండ.

మొన్న శుక్రవారం వెళ్ళాను. తోమి, కడిగి, అలవాటు కొద్దీ అంచు చూశాను. నాలుగు తాలూకు కాలు లేదు. ఏడు లేదు. జి. కూడా పోయింది. హెన్రీలో రెండక్షరాలు చేతికి తగిలీ తగలనట్టున్నాయి. ఇవాళ ఎవరైనా ఈ పతకం తెచ్చి, ఈయనెవరో చెప్పమంటే నేను చెప్పలేను. ఒకప్పుడైతే ఆ సంగతికి రాత్రంతా నిద్రపోయేదాన్ని కాదు. సింకు దగ్గర నిలబడి, వేళ్ళకి చింతపండు పిప్పి అంటుకుని ఉండగా, టిష్యూ ప్యాకెట్‌ని చూసి దడుచుకుని నిలబడి తిన్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాపం, ఎంత భయపడిందో!

"ఏంటమ్మా నవ్వుతున్నావ్, మెరిసిందా?" అంది ఆంటీ లోపలి గదిలోంచి.

"మెరిసిందాంటీ" అన్నాను. అయినా ఇంకోసారి తోమాను.